జర్మన్ బేకరీ: శిక్ష మిగిలింది, జవాబు మిగలలేదు

పుణేలోని కోరేగావ్ పార్క్‌లో, ఓషో ఆశ్రమానికి సమీపాన ఉన్న జర్మన్ బేకరీ విదేశీ యాత్రికులకూ నగర యువతకూ అభిమాన స్థలం. 2010 ఫిబ్రవరి 13, శనివారం. రాత్రి 7 గంటలు కావస్తుండగా అక్కడ ఎవరో వదిలివెళ్లిన సంచి పేలింది. 17 మంది ప్రాణాలు కోల్పోయారు. 50 మందికి పైగా గాయపడ్డారు. 2008 నవంబరు నాటి ముంబై మారణకాండ తర్వాత దేశంలో జరిగిన తొలి పెద్ద ఉగ్రవాద దాడి అది.

భారత్, పాకిస్థాన్ విదేశాంగ కార్యదర్శుల చర్చలు అప్పటికే ఖరారయ్యాయి. వాటిని రద్దు చేయాలన్న ఒత్తిడి వచ్చినా మన్మోహన్ సింగ్ ప్రభుత్వం తలొగ్గలేదు. ఫిబ్రవరి 25న ఢిల్లీలో చర్చలు జరిగాయి. దౌత్యంలో కనబడిన ఆ నిబ్బరం దర్యాప్తులో కనబడిందా అన్నదే ప్రశ్న.

మహారాష్ట్ర ఉగ్రవాద నిరోధక దళం అదే ఏడాది సెప్టెంబరులో హిమాయత్ బేగ్‌ను అరెస్టు చేసింది. 2013 ఏప్రిల్‌లో పుణే సెషన్స్ కోర్టు అతనికి మరణశిక్ష విధించింది. కేసు ముగిసిందనే దేశం భావించింది. అయితే 2016 మార్చిలో బాంబే హైకోర్టు హత్య, కుట్ర అభియోగాల నుంచి అతనికి విముక్తి కల్పించింది. పేలుడు పదార్థాలు కలిగివున్న నేరానికి యావజ్జీవ శిక్షను మాత్రం ఖాయం చేసింది. అంటే, అతను నిర్దోషిగా బయటపడలేదు. బేకరీ పేలుడుకు దోషిగానూ మిగలలేదు.

ఈలోగా, 2013 ఆగస్టులో, యాసిన్ భత్కల్ నేపాల్ సరిహద్దులో పట్టుబడ్డాడు. బేకరీలో బాంబు పెట్టింది ఇతడేనని పోలీసుల ఆరోపణ. 2016 డిసెంబరులో హైదరాబాద్‌లోని ఎన్ఐఏ కోర్టు అతనికి మరణశిక్ష విధించింది. కానీ అది 2013 నాటి దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసులో. ఒక నగరపు మృతుల పక్షాన వచ్చిన తీర్పు మరో నగరపు మృతులకు సమాధానం కాజాలదు.

ఉగ్రవాదంపై మన రాజకీయ చర్చ ఎప్పుడూ శిక్ష తీవ్రత చుట్టూనే తిరుగుతుంది. ఉరి పడితే న్యాయం జరిగినట్టు, తగ్గితే రాజ్యం మెత్తబడినట్టు. హైకోర్టు తూచింది శిక్షను కాదు, సాక్ష్యాన్ని. సాక్ష్యం బలహీనమైతే నిందితుడికే కాదు, బాధితుడికీ అన్యాయం జరుగుతుంది. బేకరీ 2013లో మళ్లీ తెరుచుకుంది. ఆ సంచిని అక్కడ పెట్టిందెవరన్న ప్రశ్న మాత్రం, హైకోర్టు తీర్పుతో, మళ్లీ మొదటికే వచ్చింది.