దెయ్యపు గోరు: ఒక కలహారి నొప్పిమందు పరీక్షల చరిత్ర – పరిశీలన

సంప్రదాయ వైద్యంలోని మొక్క ప్రయోగశాలకు చేరినప్పుడు దాని చరిత్రను సాధారణంగా పరీక్ష జరిపినవారితో మొదలుపెడతారు. దాని గుణాన్ని మొదట గుర్తించిన సమాజం నేపథ్యంగానే మిగిలిపోతుంది. ఆఫ్రికా దక్షిణ భాగంలోని కలహారి ఇసుక నేలల్లో పెరిగే హార్పగోఫైటమ్ ప్రొకంబెన్స్ ఇందుకు ఉదాహరణ.

నువ్వులు, ఏనుగుపల్లేరు చేరిన పెడాలియేసీ కుటుంబానికే ఇదీ చెందుతుంది. కాయలకు కొక్కేల వంటి ముళ్లుండటం వల్ల ఆంగ్లంలో ‘డెవిల్స్ క్లా’, అంటే దెయ్యపు గోరు, అనే పేరు వచ్చింది. మందుగా పనికివచ్చేవి తల్లివేరు నుంచి పక్కలకు పాకే దుంపలు. సాన్, ఖోయ్ ప్రజలు వీటిని జ్వరానికి, అజీర్తికి, నొప్పులకు కషాయంగా తాగేవారు. పుండ్లకు లేపనంగా పూసేవారు.

ఈ జ్ఞానం ఐరోపాకు చేరిన కాలం గమనించదగినది. నాటి జర్మన్ నైరుతి ఆఫ్రికాలో, నేటి నమీబియాలో, 1904–1908 మధ్య హెరేరో, నామా ప్రజలపై జర్మన్ సైన్యం మారణహోమం సాగించింది. ఆ రోజుల్లోనే జి. హెచ్. మేనర్ట్ అనే జర్మన్ ఒక స్థానిక వైద్యుని ద్వారా ఈ దుంప గుణాన్ని తెలుసుకున్నాడని ప్రచారంలో ఉన్న కథనం. మేనర్ట్ పేరు గ్రంథాలకెక్కింది. ఆ వైద్యుని పేరు ఎక్కలేదు.

1958లో జోర్న్ ఎలుకల్లో కృత్రిమంగా కీళ్లవాపు కలిగించి, దానిపై ఈ వేరు ప్రభావం చూపుతున్నట్లు ప్రకటించాడు. తరువాతి ఫలితాలు ఏకాభిప్రాయానికి రాలేదు. 1983లో కెనడా వైద్య పత్రికలో వెలువడిన అధ్యయనం వాపు తగ్గించే గుణానికి ఆధారం లేదని తేల్చింది. 1992లో ఫ్రెంచ్ పరిశోధకులు సారాన్ని ఎలుకల ఉదరకుహరంలోకి ఎక్కించి, కారజీనన్ వల్ల వచ్చిన వాపు తగ్గడం గమనించారు. జీర్ణాశయంలోని ఆమ్లం మందు గుణాన్ని దెబ్బతీయవచ్చని 1994 నాటి మరో అధ్యయనం సూచించింది. అంటే మందు ఏ దారిన శరీరంలోకి వెళ్లిందన్నదీ ఫలితాన్ని మార్చగలదు. అందువల్ల ఎలుకపై వచ్చిన ఒక ప్రతికూల ఫలితం సంప్రదాయాన్ని కొట్టివేయదు. ఒక అనుకూల ఫలితం దాన్ని పూర్తిగా నిరూపించనూ లేదు.

మనుషులపై జరిగిన ప్రయోగాలను 2006లో కాక్రేన్ సమీక్ష పరిశీలించింది. రోజుకు 50 లేదా 100 మిల్లీగ్రాముల హార్పగోసైడ్ అందించే సారం నడుమునొప్పిని స్వల్పకాలంలో ఉత్తుత్తి మందు కంటే మెరుగ్గా తగ్గించిందని పేర్కొంది. ఇక్కడ మందును నోటి ద్వారానే ఇచ్చారు. అయితే ఈ పరీక్షలన్నీ నొప్పి, వాపుల చుట్టూనే తిరిగాయి. జ్వరం, అజీర్తి, పుండ్లు వెనకబడ్డాయి. ఒక సమాజపు వైద్యం నుంచి ఐరోపా విపణికి కావలసిన భాగమే ఎంపికైంది.

గిరాకీ పెరగడంతో మొక్క మనుగడపైనా ఆందోళన కలిగింది. అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో దీన్ని చేర్చాలని 2000లో వచ్చిన ప్రతిపాదనను తరువాత ఉపసంహరించుకున్నారు. తల్లివేరును కదపకుండా పక్క దుంపలను మాత్రమే తీసి గుంత పూడ్చితే మొక్క మళ్లీ చిగురిస్తుంది. కాబట్టి దాని రక్షణ తవ్వేవారి నేర్పుపైనే ఆధారపడి ఉంది. జన్యు వనరుల ప్రయోజనాలను న్యాయంగా పంచాలనే నగోయా ఒప్పందం 2010లో కుదిరి, 2014లో అమలులోకి వచ్చింది. మేనర్ట్ కాలానికీ దీనికీ మధ్య శతాబ్దానికి పైగా గడిచింది.

మందు పనిచేస్తుందా అన్నది ప్రయోగశాల తేల్చవలసిన ప్రశ్న. ఆ ప్రశ్న ఎవరి జ్ఞానం నుంచి పుట్టిందన్నది చరిత్రకారుడు తేల్చవలసినది. మొదటిదానికి సమాధానం దొరికినంత మాత్రాన రెండవదాన్ని వదిలివేస్తే, ఈ మొక్క చరిత్ర సగమే రాసినట్లవుతుంది.