ఎఫ్రాయిము వారెవరు?

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు 1980ల చివరి నుండి యూదుల ఆచారాలు పాటిస్తున్నాయి. తాము ఎఫ్రాయిము గోత్రమని, క్రీ.పూ. 722లో అష్షూరీయులు షోమ్రోనును పట్టుకున్నాక చెదిరిపోయిన వారమని వారి మాట. "మనం కూడా ఆ గోత్రమేనా అయ్యగారూ?" అని మన కనిగిరి యవ్వనస్థులు అడుగుతున్నారు. తరతరాలుగా ఊరి బయట ఉంచబడినవారికి పితరుల పేరు చిన్న విషయం కాదు. అందుకే మేము ఆ కుటుంబాలను ఎగతాళి చేయము. చరిత్రలో ఆధారం మాత్రం మాకు కనబడలేదు.

అసలు ఎఫ్రాయిము వారెవరు? బైబిలు వెలుపల ఇశ్రాయేలు పేరు స్పష్టంగా మొదట కనబడేది ఐగుప్తు ఫరో మెర్నెప్తా శిలాశాసనంలో, సుమారు క్రీ.పూ. 1208లో. అక్కడ అది దేశం పేరు కాదు, ఒక జనం పేరు. ఇంచుమించు ఆ కాలంలోనే ఎఫ్రాయిము కొండల్లో చిన్న చిన్న పల్లెలు కొత్తగా లేచాయి. తవ్వకాల్లో అక్కడ దొరికిన కుండలు కనానీయుల కుండలను పోలినవే! ఐగుప్తు నుండి వచ్చినవారిలో ఆ కొండవారూ ఇరుగుపొరుగువారూ కలిసిపోయారని మా తలంపు. నిర్గమకాండము 12:38 కూడా వారి వెంట వేరే జనులు అనేకులు బయలుదేరారనే చెబుతుంది. యెహెజ్కేలు 16:3లోనైతే ప్రవక్త యెరూషలేముకు అమోరీయుని తండ్రిగా, హిత్తీయురాలిని తల్లిగా చూపిస్తాడు. ఆమోసు 9:7లో ఫిలిష్తీయులను కఫ్తోరు నుండి, సిరియనులను కీరు నుండి రప్పించినదీ ఆ దేవుడే.

అడిగిన యవ్వనస్థులతో వచ్చే ఆదివారం ఈ వచనాలే చదివిస్తాము.