టర్బో దగ్గు: వింటర్‌తూర్ నుంచి తొప్పూరు కనుమ దాకా

చరిత్ర రాస్తానంటే నాయక రాజుల కథేమో అనుకుంటారు. ఈసారి రాసేది ఒక యంత్రం కథ. మన కుటుంబాల్లో లారీ, ట్రైలరు పెట్టుకుని బతికేవాళ్ళు ఎంతమంది వున్నారో మీకే తెలుసు. టర్బో పోతే ఆ నెల ఇంటి లెక్కంతా తలకిందులే. దాని ఖర్చు డ్రైవరు జీతంలో పట్టుకునే ఓనర్లూ మనలో వున్నారు. "ఎక్కుడులో బండిని పిండేశాడు, టర్బో పోగొట్టాడు" అంటారు. ఇందులో న్యాయం ఎంతవుందో తెలియాలంటే కథ మొదటినుంచి చెప్పాలి.

స్విట్జర్లాండులో వింటర్‌తూర్ అని ఒక ఊరు. 1879లో అక్కడ పుట్టిన ఆల్‌ఫ్రెడ్ బ్యూకి అనే ఇంజనీరు 1905లో ఒక పేటెంటు తీసుకున్నాడు. ఇంజను వదిలే పొగలో వేడీ వేగమూ ఊరికే పోతున్నాయి కదా, ఆ పొగతో ఒక చక్రం తిప్పి, అదే ఇరుసు మీద ఇంకో చక్రం పెట్టి, దానితో గాలిని ఒత్తి ఇంజనులోకి తోయాలన్నది ఆయన ఆలోచన. గాలి ఎక్కువైతే డీజిలు ఎక్కువ కాలుతుంది, బలం పెరుగుతుంది. ఆలోచన చిన్నదే, నడిపించడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. 1925లో పది సిలిండర్ల ఓడ ఇంజన్లలో 1750 హార్స్‌పవర్ 2500 అయ్యాకే లోకం నమ్మింది.

మన పక్కవాళ్ళకు ఇంకో సంగతి. మెట్టుపాళయం నుంచి ఊటీ దారిలో పళ్ళ పట్టా పట్టుకుని ఎక్కే పాత ఎక్స్ క్లాసు ఆవిరి ఇంజన్లు తయారైంది ఆ వింటర్‌తూర్‌లోనే, స్విస్ లోకోమోటివ్ అండ్ మెషిన్ వర్క్స్‌లో. బ్యూకి టర్బో పనిలోనూ ఆ కార్ఖానా చెయ్యి వుంది. ఊటీ రైలెక్కిన మనవాళ్ళలో ఇది ఎందరికి తెలుసు!

ఓడకు ఒక సుఖం వుంది. ఇంజను గంటల తరబడి ఒకే వేగంలో తిరుగుతుంది. రోడ్డు మీద అలా కాదు. గేరు మారుతుంది, ఎక్కుడు వస్తుంది, ముందు ఒక బస్సు అడ్డం వస్తుంది. 1938లో స్విస్ కంపెనీ సౌరర్ లారీలో టర్బో పెట్టింది, 1954లో వోల్వో పెట్టింది. అప్పటినుంచి దగ్గు కూడా రోడ్డెక్కింది.

ఈ దగ్గునే ఇంగ్లీషులో సర్జ్ అంటారు. తిరునాళ్ళలో వెనకనుంచి జనం తోసుకుంటూ వస్తున్నప్పుడు గుడి గుమ్మం సగం మూస్తే ఏమవుతుంది? ముందున్నవాళ్ళు వెనక్కి తన్నుకొస్తారు. టర్బోలోనూ అంతే. వెనక ట్రైలరులో బరువు, ఎదురుగా ఎక్కుడు, పై గేరులోనే బండి, కాలు పూర్తిగా ఆక్సిలేటరు మీద. డీజిలు ఎక్కువ పడుతుంది కాబట్టి పొగ వేడెక్కి టర్బోను గట్టిగా తిప్పుతుంది. కానీ ఇంజను నెమ్మదిగా తిరుగుతోంది, వచ్చే గాలినంతా మింగలేదు. ఒత్తిన గాలి చక్రం రెక్కలను వదిలి వెనక్కి తన్నుతుంది, మళ్ళీ ముందుకు పోతుంది, మళ్ళీ తన్నుతుంది. కాలు చటుక్కున ఎత్తినా ఇదే జరుగుతుంది. ఇంజను వేగం పడిపోతుంది గానీ టర్బో చక్రం అంత తొందరగా ఆగదు. తమిళ డ్రైవర్లు "వండి ఇరుముదు" అనేది, అంటే బండి దగ్గుతోంది అనేది, ఈ శబ్దం విని. ఒకసారి దగ్గితే ఏమీ కాదు. రోజూ దగ్గితే ఇరుసు ముందుకూ వెనక్కూ గుద్దుకుని బేరింగు అరుగుతుంది, చక్రం గోడకు రాసుకుంటుంది.

దీన్ని మనదేశంలో లారీలకంటే ముందు ఎరిగినవి రైళ్ళు. 1962లో అమెరికా ఆల్కో కంపెనీ నుంచి డబ్ల్యూ.డి.ఎం.-2 వచ్చింది, 1964 నుంచి వారణాసిలోనే తయారైంది. పదహారు సిలిండర్లు, 2600 హార్స్‌పవర్. మన మీటర్ గేజిలో దాని తమ్ముడు వై.డి.ఎం.-4, ఆరు సిలిండర్లు. శెంగోట్టై నుంచి పునలూరు కనుమలో రైలుకు రెండు కొసలా ఇవే వుండేవి. వీటిలో ఆక్సిలేటరు లేదు, ఎనిమిది నాచ్‌లు. డబ్ల్యూ.డి.ఎం.-2 ఇంజను ఖాళీగా నిమిషానికి 400 చుట్లు, ఎనిమిదో నాచ్‌లో 1000. పాత డ్రైవర్లు ఒక్కొక్క నాచ్ ఎక్కించి ఒక్కొక్కటే దించేవాళ్ళు. ఎనిమిది నుంచి ఒక్కసారిగా సున్నాకు లాగితే టర్బో కుక్కలా మొరిగేది.

నేను ఇంజను విప్పినవాణ్ణి కాను, కాగితం రాసినవాణ్ణి. అయినా షెడ్డులో ఫెయిల్యూర్ రిపోర్టులు వరసగా టైపు కొడుతూ వుంటే ఒక సంగతి తెలిసింది. టర్బో సర్జ్ అని రాగానే డ్రైవరు పేరు రాసేవాళ్ళు కాదు. ముందు గాలి ఫిల్టరు మూసుకుందా, గాలిని చల్లబరిచే కూలరులో మురికి పట్టిందా, పొగ వైపు మసి పేరుకుందా అని చూసేవాళ్ళు. గాలి దారి ఎక్కడ ఇరుకైనా దగ్గు వస్తుంది. డ్రైవరును అడగడం ఆ తర్వాతే.

అమెరికాలో ఇదే గొడవ వేరే రూపంలో వచ్చింది. అక్కడ పికప్పు ట్రక్కు వెనక గుర్రాల ట్రైలరు, పడవ, చక్రాల ఇల్లు కట్టుకుని లాగుతారు. 1999 నుంచి 2003 దాకా వచ్చిన ఫోర్డ్ 7.3 లీటర్ల డీజిలు బళ్ళు బరువు లాగుతూ ఎక్కుడెక్కేటప్పుడు దగ్గుతాయని చాలామంది చెప్పుకున్నారు. బయట దొరికే వేరే ఆకారం కంప్రెసర్ చక్రం వేయించుకుని పోగొట్టుకున్నారు. నడిపే మనిషి వాడే, ఎక్కుడు అదే, మారింది చక్రం ఒక్కటే. నా మాటకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏం కావాలి?

మన లారీల్లో టర్బో మామూలైంది 2000 నాటి పొగ నిబంధనల తర్వాత. 2020 ఏప్రిల్ నుంచి బీ.ఎస్.-6 వచ్చి కంప్యూటరే చాలావరకు చూసుకుంటోంది. కానీ మనవాళ్ళ దగ్గర పాత బళ్ళే ఎక్కువ. సేలం వైపునుంచి తొప్పూరు కనుమ, సత్యమంగలం దగ్గర 27 మలుపుల దింబం ఎక్కేవి అవే. అక్కడ డ్రైవరు చెయ్యాల్సింది వుంది, కాదనను. ఇంజను మూలగక ముందే గేరు దించాలి, చుట్లు పైన వుంచాలి, కాలు మెల్లగా తియ్యాలి. కానీ సగం మూసుకున్న ఫిల్టరు మార్చకుండా, లెక్కకు మించి లోడు ఎక్కించి, పంపు దగ్గర డీజిలు ఎక్కువ పడేలా స్క్రూ తిప్పించి, ఆపైన డ్రైవరు బత్తా కోస్తే అది అన్యాయమే. మొహమాటం లేకుండా చెబుతున్నాను, కోపం వస్తే రానివ్వండి.

టర్బో పోయిన బండి వుంటే, జీతం పట్టుకునే ముందు పాత ఫిల్టరు పారెయ్యకుండా దాచండి. విప్పిన చక్రం రెక్కల ఫోటో తీయండి, కూలరు గొట్టాలు విప్పించి చూడండి. మెకానిక్ రాసిచ్చిన చీటీ ఇంగ్లీషులో వుండి అర్థం కాకపోతే ఆదివారం పొద్దున సంఘం ఆఫీసుకు తీసుకురండి, డ్రైవరునూ వెంట తీసుకురండి. అందరం కూచుని చదువుదాం.