చుక్కా? రాయా?

2025 ఏప్రిల్ 20, ఆదివారం. రాత్రి పదకొండుంబావు దాటాక నాసా వాళ్ల లూసీ నౌక డొనాల్డ్‌జొహాన్సన్ అనే గ్రహశకలం పక్కనుంచి, దాదాపు 960 కిలోమీటర్ల దూరంలో దూసుకుపోయింది. ఆ టైముకి నేను గోస్పాడులో మా మేనమామ వాళ్ల మిద్దె మీద పడుకుని ఉన్నా. కంటికి ఏమీ కనపడదని తెలుసు. అయినా సరిగ్గా ఆ నిమిషానికి ఫోన్ పక్కన పెట్టి పైకి చూశాను. ఎందుకంటే చెప్పలేను, మనకున్న చిన్న చాదస్తాల్లో ఇదొకటి.

తర్వాత ఫొటోలొచ్చాయి. పొడవు ఎనిమిది కిలోమీటర్లు, వెడల్పు బాగా ఉన్న చోట మూడున్నర. రెండు ముద్దలు, మధ్యలో సన్నటి మెడ. దగ్గర్నుంచి తీసిన వాటిలో అది ఫ్రేములో పట్టక కొంచెం బయటికి పోయింది కూడా. లూసీ టీమ్ వాళ్లే దాని మెడని ఒకదాంట్లో ఒకటి దూర్చిన ఐస్‌క్రీమ్ కోన్‌లతో పోల్చారు. నా స్నేహితుల్లో ఒకడు బౌలింగ్ పిన్ అన్నాడు. నేను మామకి చూపించా. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఫోన్‌ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

"రెండు గింజల చెనిక్కాయ మాదిరుందే."

సరే, అది చాలామందికి తట్టిన పోలికే. ఆ తర్వాత ఆయన అడిగిందే నన్ను పట్టుకుంది. "ఇంతకీ దీన్ని చుక్కనాల్నా, రాయనాల్నా?"

రాయే మామా, అనేసి ఊరుకున్నాను. కానీ నిజానికి ఇది రెండు వందల ఏళ్ల నాటి తగాదా. 1801 జనవరి 1న పియాజ్జీ సెరిస్‌ని కనుక్కున్నాడు. మరుసటేడు ఓల్బర్స్ పాలస్‌ని పట్టుకున్నాడు. ఎంత పెద్ద టెలిస్కోప్‌లో చూసినా వీటికి గ్రహాల్లాగా బిళ్ల ఆకారం కనపడలేదు, నక్షత్రంలాగా ఒట్టి చుక్కే. అందుకే విలియం హెర్షెల్ 1802లో ఆస్టరాయిడ్ అన్నాడు, అంటే చుక్క లాంటిది అని. కనపడినదాన్ని కనపడినట్టు చెప్పే మాట. అదే ఏడాది ఓల్బర్స్ ఇంకో ఊహ చేశాడు: ఇక్కడ ఒకప్పుడు ఒక గ్రహం ఉండేదేమో, అది పగిలితే వచ్చిన ముక్కలేమో ఇవి.

మన 'గ్రహశకలం' అన్న మాటలో వినపడేది హెర్షెల్ కన్ను కాదు, ఓల్బర్స్ ఊహ. ఆ ఊహ తర్వాత నిలబడలేదు. ఆ పట్టీలో ఉన్న మొత్తం పదార్థాన్ని ముద్ద చేసినా మన చందమామలో నూరో వంతుకి కొన్ని రెట్లు, అంతే. అట్లా చూస్తే తెలుగు మాట తప్పు. కానీ ఈ చెనిక్కాయ సంగతి చూడండి. సుమారు పదిహేను కోట్ల ఏళ్ల కిందట రెండు గ్రహశకలాలు గుద్దుకుంటే చెదిరిన ముక్కల్లో ఇదొకటని శాస్త్రవేత్తల అంచనా. గ్రహం ముక్క కాకపోవచ్చు గానీ ముక్క మాత్రం నిజం. ఫొటో చూశాక 'చుక్క లాంటిది' అన్న ఇంగ్లిష్ మాటే వెలవెలబోయింది.

చుక్కలుగానే ఉన్న కాలంలో వాటిని పట్టుకున్న చోట్లలో ఒకటి అప్పటి మా రాజధాని. కర్నూలు జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి, ఆ లెక్కన నుంగంబాక్కం అబ్జర్వేటరీ మాది కూడా. 1792లో కట్టారు. పరికరం నిలపడానికి పదిహేను అడుగుల గ్రానైట్ స్తంభం నాటారు. వెయ్యేళ్ల తర్వాతి వాళ్లకి కూడా తెలియాలని దాని మీద శాసనాలు చెక్కించారు, అందులో తెలుగు కూడా ఉంది. ఆ స్తంభం ఇప్పటికీ వాతావరణ శాఖ ఆవరణలో నిలబడే ఉంది.

1861లో నార్మన్ పాగ్సన్ అక్కడికి వచ్చాడు. చుక్కల వెలుగు కొలిచే 2.512 నిష్పత్తి ఇచ్చింది ఈయనే. ఒక్కో మెట్టుకి వెలుగు అన్ని రెట్లు మారుతుందన్న లెక్క అది. మద్రాసు చేరి రెండు మూడు నెలలన్నా కాకముందే, ఏప్రిల్ 17న, ఒక కొత్త చుక్కని పట్టుకున్నాడు. ఆసియా ఖండం నుంచి దొరికిన మొదటి గ్రహశకలం కాబట్టి దానికి ఆసియా అనే పేరు పెట్టాడు. ఆ తర్వాత 1864లో సాఫో, 1866లో సిల్వియా, 1868లో కామిల్లా, 1885లో వెరా. పద్ధతి చెప్పుకోవడానికి సులువే. ఆకాశపటం ముందు పెట్టుకుని ప్రతి చుక్కనీ సరిచూడాలి, పటంలో లేనిది కనపడితే గుర్తు పెట్టుకోవాలి, మళ్లీ రాత్రి అది జరిగిందా అని చూడాలి. కోడ్‌లో రెండు వెర్షన్ల మధ్య తేడా పట్టుకోవడం లాంటిదే. నేను ఆ పని మెషీన్‌తో చేయిస్తా, వాళ్లు మద్రాసు ఉక్కలో కళ్లతో చేశారు.

ఆ ఐదింటి పక్కనా కనుక్కున్నవాళ్ల పేరున్న గడిలో పాగ్సన్ ఒక్కడే ఉంటాడు. ఆ రోజుల్లో అక్కడ ఆయన కింద మొదటి అసిస్టెంట్ చింతామణి రఘునాథాచార్యులు. 1867లో ఆర్ రెటిక్యులై అనే వెలుగు మారే నక్షత్రాన్ని కనుక్కున్నది ఈయన. 1872లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఫెలో అయ్యాడు. పాగ్సన్ మంచి పరిశీలకుడే, అందులో అనుమానం లేదు. కానీ అబ్జర్వేటరీలో రాత్రి కాపలా ఒక్కడి పని ఎట్లా అవుతుంది? అందుకే ఆ గడి చూసినప్పుడల్లా నాకు చిరాకేస్తుంది.

1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణానికి పాగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. ఆచార్యులు ఇంకో బృందంతో వనపర్తి వెళ్లాడు. గోస్పాడులో మధ్యాహ్నం భోంచేసి బయల్దేరితే ఇప్పుడు చీకటి పడకముందే చేరే ఊరు. అదే రోజు గుంటూరులో జాన్సెన్ సూర్యుడి అంచుల్ని వర్ణపటంలో చూసి చరిత్రకెక్కాడు. వనపర్తిలో మబ్బులు కమ్మాయి. పరికరాలు మోసుకుని అంత దూరం పోతే మిగిలింది అదీ. ఆ తర్వాత మూడు నెలలకి మద్రాసులో కామిల్లా దొరికింది.

అయినా ఆయన మానలేదు. 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నడిచాడు. దాని గురించి ఆయన ముందే ఒక చిన్న పుస్తకం రాసి, ఇంగ్లిష్‌తో ఆగకుండా దేశభాషల్లోనూ వేయించాడు. సంభాషణ రూపంలో రాశాడు. ఒకరు అడుగుతుంటే ఇంకొకరు చెబుతారు. (అదే శుక్ర సంక్రమణాన్ని విశాఖలో తన సొంత అబ్జర్వేటరీ నుంచి అంకితం వెంకట నరసింగరావు చూశాడు. ఆయన కథ ఇంకో వ్యాసమంత ఉంది.)

మద్రాసు చుక్కలు తర్వాత ఏమయ్యాయో చూస్తే ముచ్చటేస్తుంది. సిల్వియా చుట్టూ 2001లో ఒక ఉపగ్రహం కనపడింది. 2005లో రెండోదాన్ని ప్రకటించారు. రెండు ఉపగ్రహాలున్న గ్రహశకలం అదే మొదటిది. రోములస్, రీమస్ అని పేర్లు పెట్టారు. సాంద్రత చూస్తే రాయికంటే చాలా తక్కువ, లోపల సందులున్న రాళ్లకుప్ప అన్నమాట. కామిల్లాకీ 2001లో ఒకటి, 2016లో ఇంకొకటి. ఐదు చుక్కల్లో రెండు చుక్కలు సంసారాలు చేస్తున్నాయని ఆ పటాల ముందు కూర్చున్నవాళ్లకి ఎట్లా తెలుస్తుంది?

మర్నాడు బస్సెక్కే ముందు ఇదంతా మామకి చెప్పాను. బనగానపల్లె నాపరాళ్ల గనుల పక్కన కుప్పలు పోసుంటారు చూడు, సిల్వియా లోపల అట్లుంటుందంట మామా, అన్నాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు. చెనిక్కాయ ఫొటో ఇంకోసారి అడిగి చూశాడు.

"మనోళ్లు పట్టినవి యాడ? వాటి ఫొటోలు చూపీ."

ఉన్నవి చూపించాను, భూమ్మీది టెలిస్కోపులతో తీసినవి. మసకగా ఉన్నాయి.

"ఇవి సరిగ్గా కనపడ్లేదే."

"ఆ ఐదింటి కాడికి ఇంతవరకు ఏ నౌకా పోలేదు మామా."

"పోతే చెప్పు," అన్నాడు, ఫోన్ నా చేతిలో పెడుతూ.