రాయచోటి దారిలో తెలుగు బైబిలు

రాయచోటి అనగానే వీరభద్రస్వామి గుడి గుర్తుకొస్తుంది. ఆ ఊరికి ఉత్తరాన కడప, దక్షిణాన మదనపల్లె. 19వ శతాబ్దంలో ఈ రెండు చోట్లా బైబిలు అనే ఒక్క గ్రంథాన్నే నమ్ముకున్న మిషనరీలు మకాం వేశారు. కడపలో 1822లో లండన్ మిషన్ పని మొదలైంది. 1863లో అమెరికన్ వైద్యుడు జేకబ్ చాంబర్లిన్ మదనపల్లె చేరాడు.

ఆ గ్రంథం తెలుగులోకి రావడం వెనక ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడున్నాడు. మంత్రజపంలో మనశ్శాంతి వెతికి, దొరక్క, విశాఖపట్నంలో డెగ్రాంజ్ అనే మిషనరీని ఆశ్రయించాడు. ఇద్దరూ కలిసి తెనిగించిన సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. చిన్ననాటి నుంచి నమ్మిన లోకాన్ని పక్కనపెట్టి, ఒక పుస్తకం చెప్పినదాన్నే నిజమని పట్టుకోవడం ఆ కాలంలో ఎంత తెగింపో! కులం కాదంటుంది, బంధువులు దూరమవుతారు.

చాంబర్లిన్ విశ్వాసమూ అంతే గట్టిది. అలాగని వైద్యాన్ని వదల్లేదు. మందులపెట్టె, బైబిలు కలిపే మోశాడు. తెలుగు బైబిలును సవరించే సంఘానికి ఏళ్ల తరబడి అధ్యక్షుడిగా ఉన్నాడు. 1908లో మదనపల్లెలోనే కన్నుమూశాడు.

లేఖనం మారదని నమ్మినవాళ్లే దాని తెలుగును తూచి తూచి మార్చారు. ఈ చరిత్రలో అన్నిటికంటే ఆసక్తికరమైన సంగతి ఇదే.