తల దొరకని డైనోసార్: తెలంగాణ కోటాసారస్ కథ

హైదరాబాద్ నౌబత్ పహాడ్‌పై ఉన్న బిర్లా సైన్స్ మ్యూజియానికి పిల్లల్ని తీసుకెళ్లినవాళ్లకు అక్కడి పెద్ద డైనోసార్ అస్థిపంజరం గుర్తుండే ఉంటుంది. ఎక్కడో అమెరికా నుంచి తెప్పించారని అనుకునేవాళ్లూ ఉన్నారు. కానీ అది మన గోదావరి లోయ జంతువే.

పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర 1970ల చివర్లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు దీని ఎముకలు తవ్వి తీశారు. ఒకటీ రెండూ కాదు, 840 ముక్కలు! లెక్క వేస్తే కనీసం 12 జంతువులవని తేలింది. ఆ సంస్థ శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో దీనికి పేరు పెట్టారు. ఇందులో 'కోటా' అంటే ఆ రాతి పొరల పేరు. దగ్గర్లోనే, మహారాష్ట్ర వైపున్న కోటా అనే ఊరి పేరే వాటికి వచ్చింది.

పొడవు సుమారు 9 మీటర్లు. నాలుగు కాళ్లపై నడిచేది, ఆకులు అలములు తినేది. 17 కోట్ల ఏళ్ల కంటే పాతది. పొడవు మెడ డైనోసార్లలో తొలి తరాలకు చెందింది కాబట్టే ప్రపంచం దీన్ని పట్టించుకుంటోంది. చిన్న శరీరాల పూర్వీకుల నుంచి అంత భారీ జంతువులు ఎలా వచ్చాయో తెలియాలంటే ఇలాంటి ఎముకలే ఆధారం. దీని కాళ్ల ఎముకలు తర్వాతి కాలపు వాటంత బలిష్ఠంగా లేవు, కాస్త సన్నం.

ఇన్ని ఎముకలు దొరికినా పుర్రె మాత్రం లేదు. కొన్ని పళ్లు దొరికాయంతే. ఈ జాతి జంతువులకు పుర్రె పల్చగా ఉంటుంది, మెడకు గట్టిగా అతుక్కుని ఉండదు. చచ్చాక ముందు ఊడిపోయేది అదే. అంటే మ్యూజియంలో మనం చూసే తల, పళ్లనూ దగ్గరి చుట్టాలనూ చూసి ఊహించి చేసిందన్నమాట. పిల్లలకు ఆ మాట కూడా చెప్పాలి.

దీని చుట్టం బారాపాసారస్‌దీ ఇదే కథ. సిరొంచ ప్రాంతంలో దొరికిన ఆ జంతువు తొడ ఎముకే 1.7 మీటర్లు, దాదాపు మనిషంత. బెంగాలీలో 'బారా పా' అంటే పెద్ద కాలు. ఠాగూర్ శతజయంతి ఏడాది 1961లో ఎక్కువ ఎముకలు తవ్వారు కాబట్టి ఆయన పేరూ కలిపారు. అది కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. దానికీ పుర్రె దొరకలేదు.

ఆ లోయ పల్లెల్లో చేను దున్నేటప్పుడు ఎముకలాంటి రాయి కనిపిస్తే పగలగొట్టొద్దు, అమ్మొద్దు. ఉన్నచోటే ఉంచి, ఫొటో తీసి, హైదరాబాద్ బండ్లగూడలోని జియలాజికల్ సర్వే ఆఫీసుకు కబురు చేయాలి. ఏ పొరలోంచి వచ్చిందో తెలియకపోతే దాని వయసు చెప్పడం కష్టం.