నేర్చిన కుక్క: ఇస్లామీయ విద్యా చరిత్రలో ఒక అధ్యాయం

ముస్లిం ఇళ్లలో కుక్క ప్రస్తావన రాగానే ముందుగా గుర్తుకు వచ్చేది పాక్, నాపాక్ సమస్య. కుక్క మూతిపెట్టిన పాత్రను ఏడుసార్లు కడగాలని, అందులో ఒకసారి మట్టితో తోమాలని చిన్నపిల్లలకు సైతం తెలుసు. కాని అదే షరీఅత్ అదే జంతువును గురించి చెప్పిన మరో సంగతి చాలామంది దృష్టికి రాదు. కుక్క విద్య నేర్చుకోగల ప్రాణి. దానికి నేర్పే నేర్పు అల్లాహ్ మానవునికి ప్రసాదించిన జ్ఞానంలో ఒక భాగం. ఈ రెండు విషయాలనూ దివ్య ఖుర్ఆనే ప్రస్తావించింది. కుక్క ఎలా నేర్చుకుంటుంది, అది నేర్చిందని ఎలా నిర్ధారించాలి, నేర్పేటప్పుడు మనిషి ఎలా మెలగాలి అన్న ప్రశ్నలను మన ధర్మశాస్త్రవేత్తలు, పండితులు శతాబ్దాల తరబడి చర్చించారు. ఆ చర్చను ఒకసారి పరిశీలించడం అవసరం.

దైవగ్రంథంలో

సూరా అల్-మాయిదా నాలుగవ ఆయత్‌లో హలాల్ ఆహారాన్ని గురించిన ప్రశ్నకు సమాధానం ఉంది. పరిశుద్ధమైన వస్తువులన్నీ ధర్మసమ్మతం చేయబడ్డాయి. వాటితోపాటు, అల్లాహ్ మనుషులకు నేర్పిన దాని నుండి మనుషులు వేటజంతువులకు నేర్పగా, అవి యజమాని కోసం పట్టి ఉంచిన వేట కూడా ధర్మసమ్మతమే. అయితే అల్లాహ్ నామం ఉచ్చరించి ఉండాలి. ఈ ఆయత్‌లో శిక్షకులకు వాడిన ‘ముకల్లిబీన్’ అనే అరబీ పదం ‘కల్బ్’, అంటే కుక్క, అనే మాట నుండి పుట్టింది. డేగల వంటి పక్షులు కూడా ఈ ఆదేశం కిందికే వస్తాయి. అయినా శిక్షణకు పేరు వచ్చింది మాత్రం కుక్క ద్వారానే.

ఇక్కడ ఒక క్రమం గమనార్హం. అల్లాహ్ మనిషికి నేర్పాడు, మనిషి జంతువుకు నేర్పాడు. అంటే శిక్షకుడు తన సొంత బలంతో జంతువును లొంగదీసుకున్న విజేత కాడు. తనకు అప్పగించబడిన జ్ఞానాన్ని మరొక ప్రాణికి అందించే బాధ్యుడు. ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహ్మ) (మ. హి. 751/క్రీ.శ. 1350) విద్య ఔన్నత్యానికి ఈ ఆయత్‌నే ఒక నిదర్శనంగా చూపారు. విద్య లేని కుక్క చంపిన జంతువు మృత పశువుతో సమానం కాగా, విద్య నేర్చిన కుక్క పట్టినది హలాల్ అవుతున్నది. కుక్క స్థాయినే విద్య ఇంతగా మార్చగలిగినప్పుడు మనిషి మాట వేరే చెప్పాలా అన్నది ఆయన వాదన.

సూరా అల్-కహఫ్‌లో గుహవాసుల కుక్క కనిపిస్తుంది. గుహ వాకిట ముందుకాళ్లు చాపి కూర్చున్న ఆ జంతువును దైవగ్రంథం విస్మరించలేదు. ఆ యువకుల సంఖ్యను గురించి ప్రజలు చెప్పుకునే ప్రతి లెక్కలోనూ చివర కుక్క కూడా చేరింది.

అదీ బిన్ హాతిమ్ ప్రశ్న

అరబ్బులకు వేటకుక్కలు కొత్త కాదు. పొడవైన కాళ్లు, సన్నని నడుము గల ‘సలూఖీ’ జాతి కుక్కలతో వారు జింకలను, కుందేళ్లను వేటాడేవారు. దాతృత్వానికి మారుపేరైన హాతిమ్ తాయీ కుమారుడు హజ్రత్ అదీ (రజి) ఇస్లాం స్వీకరించిన తర్వాత, కుక్కలతో వేటాడే విషయమై దైవప్రవక్త (స)ను అడిగి తెలుసుకున్నారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఈ ఉల్లేఖనం ఉంది.

దాని సారాంశం ఇది. శిక్షణ పొందిన కుక్కను అల్లాహ్ నామం ఉచ్చరించి వదిలితే, అది పట్టిన దానిని తినవచ్చు. కుక్క ఆ వేటలోంచి తాను తింటే మాత్రం యజమాని తినరాదు, ఎందుకంటే అది తన కోసమే పట్టుకొని ఉండవచ్చు. అక్కడ మరో కుక్క కూడా ఉంటే తినరాదు, ఎందుకంటే అల్లాహ్ నామం ఉచ్చరించింది తన కుక్కపైనే గాని రెండవదానిపై కాదు.

ఇందులో కుక్క ప్రవర్తన ఎంత లోతుగా పరిగణనలోకి తీసుకోబడిందో చూడాలి. చచ్చిన జింక ఒక్కటే, కోరల గాటు ఒక్కటే. అయినా కుక్క తన ఆకలి కోసం పట్టిందా, యజమాని పంపగా పట్టిందా అన్నదాన్ని బట్టి తీర్పు మారిపోతున్నది. ఆ తేడాను తెలుసుకోవాలంటే కుక్కను జాగ్రత్తగా గమనించక తప్పదు.

నేర్చిందనడానికి గుర్తు ఏది?

ధర్మశాస్త్ర ఇమాముల చర్చ ఇక్కడే మొదలైంది. పంపితే వెళ్లాలి, వారిస్తే ఆగాలి, పట్టిన దానిని తినకుండా ఉంచాలి, ఈ తీరు పదేపదే కనిపించి అలవాటుగా స్థిరపడాలి అన్నది షాఫయీ పండితుల వివరణ. మాలికీ పండితులు పంపితే వెళ్లడం, వారిస్తే ఆగడం ముఖ్యమన్నారు. కుక్క కొంత తిన్నంత మాత్రాన వేట నిషిద్ధం కాదన్నారు. హనఫీ మజ్‌హబ్‌లో ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) మూడుసార్లు తినకుండా వదలడాన్ని గీటురాయిగా తీసుకున్నారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) (మ. హి. 150/క్రీ.శ. 767) మాత్రం సంఖ్యను నిర్ణయించలేదు. కుక్క నేర్చిందన్న గట్టి నమ్మకం వేటగానికి కలగాలన్నారు. అనుభవజ్ఞుని పరిశీలనకు ఆయన ఇచ్చిన విలువ అది.

దర్సె నిజామీ పాఠ్యక్రమం సాగే మదరసాలలో నేటికీ బోధించే ‘హిదాయా’ గ్రంథంలో, బుర్హానుద్దీన్ మర్గీనానీ (రహ్మ) (మ. హి. 593/క్రీ.శ. 1197) ఒక ఆసక్తికరమైన విషయం చర్చించారు. డేగ నేర్చిందనడానికి గుర్తు పిలిస్తే తిరిగి రావడం. కుక్క నేర్చిందనడానికి గుర్తు తినకుండా వదలడం. ఇద్దరికీ రెండు కొలమానాలు ఎందుకు?

ఉల్లేఖనంతోపాటు ఆయన రెండు కారణాలు చూపారు. మొదటిది: డేగ శరీరం దెబ్బను తట్టుకోలేదు, కుక్క శరీరం తట్టుకోగలదు, కాబట్టి కొట్టి తినడం మాన్పించవచ్చు. రెండవది: ప్రాణి తన సహజమైన అలవాటును విడిచిపెట్టడమే విద్యకు గుర్తు. డేగ మనిషిని చూసి బెదిరిపోయే అడవి పక్షి. అది పిలుపు విని తిరిగి వచ్చిందంటే తన స్వభావాన్ని విడిచినట్లే. కుక్క మనిషికి చేరికైన జంతువు. పిలిస్తే రావడం దానికి గొప్ప కాదు. దాని అలవాటు దొరికినదాన్ని లాక్కుని తినడం. దాన్ని మానుకున్నప్పుడే అది నేర్చినట్లు.

మొదటి కారణాన్ని దాచవలసిన పని లేదు. ఆనాటి వేటగాళ్లలో కర్రకు కూడా చోటు ఉండేదని దాని వల్ల తెలుస్తున్నది. కాని అది కొట్టమని ఆదేశించే దైవవాక్యం గాని, హదీసు గాని కాదు. ఒక తీర్పును వివరించడానికి పండితుడు చూపిన హేతువు మాత్రమే. పైగా రెండవ కారణం ఒక్కటే ఆ తీర్పుకు సరిపోతుంది. ఏ ప్రాణి స్వభావం ఏమిటి, దానికి ఏది సులభం, ఏది కష్టం అని తెలుసుకొని, ఆ కష్టమైన దానిలోనే విద్యను కొలవాలని అది చెబుతున్నది. మంచి ఉపాధ్యాయుడు విద్యార్థి విషయంలో చేసేదీ ఇదే.

మృదుత్వం ఒక ఆదేశం

నేర్పే విధానం ఎలా ఉండాలన్న ప్రశ్నకు ప్రవక్త (స) జీవితంలోనే సమాధానం ఉంది. ఒకసారి హజ్రత్ ఆయిషా (రజి) ఎక్కిన ఒంటె మొండికేసింది. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పసాగారు. దైవప్రవక్త (స) ఆమెకు మృదుత్వాన్ని పాటించమని ఉపదేశించారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసును మనం సాధారణంగా మనుషుల మధ్య మర్యాదకు సంబంధించిన పాఠంగా వింటాం. కాని ఆ ఉపదేశం వెలువడిన సందర్భం మాట వినని ఒక జంతువు. జంతువు ముఖంపై కొట్టడాన్ని కూడా ఆయన నిషేధించారు.

దాహంతో నాలుక వెళ్లబెట్టి తడిమట్టిని నాకుతున్న కుక్కను చూసి, బావిలోకి దిగి తోలు మేజోడులో నీరు నింపి, దాన్ని నోట కరచుకొని పైకెక్కి తాగించిన వ్యక్తి వృత్తాంతం ప్రసిద్ధమైనదే. తాను పడిన దాహమే ఆ కుక్కా పడుతున్నదని అతడు గ్రహించాడు. క్షమాపణకు నోచుకున్న ఆ సత్కార్యం జంతువు స్థితిని అర్థం చేసుకోవడంతోనే మొదలైంది.

డమాస్కస్‌కు చెందిన ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ (రహ్మ) (మ. హి. 660/క్రీ.శ. 1262) మనిషిపై జంతువులకు గల హక్కులను వరుసగా పేర్కొన్నారు. వృద్ధాప్యం వల్లనో వ్యాధి వల్లనో ఉపయోగం లేకుండా పోయినా దాన్ని పోషించాలి. శక్తికి మించిన భారం మోపరాదు. దానికి హాని చేసే జంతువులతో కలిపి ఉంచరాదు. ఇవి ఆయన దృష్టిలో దయాదాక్షిణ్యాలు కావు, హక్కులు.

పరిశీలకులు, గ్రంథకర్తలు

బస్రా పండితుడు జాహిజ్ (మ. హి. 255/క్రీ.శ. 869) తన ‘కితాబుల్ హయవాన్’ మొదటి భాగాలలో కుక్క పక్షం వహించిన వానికీ, కోడిపుంజు పక్షం వహించిన వానికీ మధ్య సుదీర్ఘమైన వాదం నడిపారు. అందులో వేటగాళ్ల అనుభవాలు ఎన్నో ఉన్నాయి. మంచు కప్పిన నేలపై కంటికి ఏ గుర్తూ కనిపించనప్పుడు, లోపలి జంతువుల వెచ్చని ఊపిరికి మంచు కరిగిన చోటును కుక్క ఎలా పసిగడుతుందో అందులో వర్ణించబడింది. జింకల మందలో పోతునూ ఆడదాన్నీ కుక్క గుర్తుపట్టి దేన్ని తరమాలో ఎంచుకుంటుందని కూడా ఉంది.

బాగ్దాద్‌కు చెందిన ఇబ్నుల్ మర్జుబాన్ (మ. హి. 309/క్రీ.శ. 921) బట్టలు కట్టుకునే చాలామంది కంటే కుక్కలే మేలన్న పేరుతో ఒక చిన్న గ్రంథమే రచించారు. యజమాని పట్ల కుక్కలు చూపిన విశ్వాసాన్ని చాటే కథలు అందులో ఉన్నాయి. పేరులో ఉన్న వ్యంగ్యం మనుషుల మీదే. సిరియాలోని షైజర్ కోటలో పెరిగిన ఉసామా బిన్ మున్‌ఖిజ్ (క్రీ.శ. 1095-1188) తన జ్ఞాపకాల గ్రంథం చివరి భాగాన్ని పూర్తిగా వేటకే కేటాయించి, తన తండ్రి వేట ముచ్చట్లను ఎంతో ఆప్యాయంగా రాశారు.

నేటి పరిశోధన ఏమంటుంది?

ఇరవయ్యవ శతాబ్దంలో కుక్కల శిక్షణను గురించి ఒక అపోహ ప్రబలింది. కుక్క తోడేలు సంతతి కనుక, తోడేళ్ల గుంపులో బలవంతుడే నాయకుడు కనుక, యజమాని కూడా బలప్రయోగంతో ఆధిపత్యం చూపాలన్నారు. 1947లో వెలువడిన తోడేళ్ల అధ్యయనం ఇందుకు ఊతమిచ్చింది. కాని అది బోనులో కలిపి ఉంచిన తోడేళ్లను చూసి రాసినది. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మెక్ 1999లో, అడవిలోని తోడేళ్ల గుంపు సాధారణంగా ఒక కుటుంబమేననీ, తల్లిదండ్రులు పిల్లలను నడిపించే తీరే అక్కడి నాయకత్వమనీ స్పష్టం చేశారు.

2020లో పోర్చుగల్ పరిశోధకులు శిక్షణ పాఠశాలల్లోని 92 పెంపుడు కుక్కలపై జరిపిన అధ్యయనాన్ని ప్రచురించారు. గొలుసు లాగడం, గద్దించడం వంటి పద్ధతులు ఎక్కువగా వాడిన చోట కుక్కలు మూతి నాకడం, ఆవులించడం వంటి ఆందోళన లక్షణాలను ఎక్కువగా చూపాయి. శిక్షణ తర్వాత వాటి లాలాజలంలో ఒత్తిడికి సూచికైన కార్టిసాల్ కూడా పెరిగింది. ఆవులింత నిద్ర వల్లనేననీ, తోక ఊపడం ఎప్పుడూ సంతోషమేననీ అనుకునేవారికి కుక్క భాష ఇంకా తెలియలేదన్నమాట.

దీని వెనుక సూత్రం సులభమైనదే. కుక్క తాను చేసిన పనిని, వెంటనే వచ్చిన ఫలితంతో ముడిపెట్టుకుంటుంది. పిలవగానే వచ్చిన కుక్కకు ఆ క్షణంలోనే ఓ ముక్క ఆహారమో, ఆప్యాయమైన మాటో అందితే పిలుపు దానికి ప్రియమవుతుంది. ఆలస్యంగా వచ్చిందని కొడితే అది నేర్చుకునేది త్వరగా రావాలని కాదు, ఆ చేతికి దూరంగా ఉండాలని.

శుద్ధి నియమం, హింస

ఇక్కడ ఒక సందేహం కలుగవచ్చు. మదీనాలో కుక్కలను చంపమని ఒక దశలో ఆదేశం వెలువడలేదా? వెలువడింది. తర్వాత ఆ సాధారణ ఆదేశం ఉపసంహరించబడిందనీ, కుక్కలు కూడా ఒక సముదాయమని ప్రవక్త (స) పేర్కొన్నారనీ హదీసులే తెలుపుతున్నాయి. అకారణంగా కుక్కను పెంచితే పుణ్యం తరిగిపోతుందని హెచ్చరించిన హదీసులే వేట, పశువులు, పొలం కాపలా కోసం పెంచడాన్ని మినహాయించాయి. కరిచే ప్రమాదకరమైన కుక్క నుండి ప్రజలను కాపాడుకోవడానికి కూడా అనుమతి ఉంది. రేబిస్ ప్రాణాంతకమైన వ్యాధి కనుక టీకాలు, జాగ్రత్తలు తప్పనిసరి.

శుద్ధి విషయంలోనూ ఇమాములలో భేదం ఉంది. షాఫయీ, హంబలీల వద్ద కుక్క పూర్తిగా నాపాక్. హనఫీల వద్ద లాలాజలం నాపాక్, శరీరం కాదు. మాలికీల వద్ద కుక్క పాక్, పాత్ర కడగడం కేవలం ఆరాధనా రూపమైన ఆదేశపాలన. ఈ భేదాలన్నీ మనిషి నమాజుకు, పాత్రకు, దుస్తులకు సంబంధించినవి. కుక్కను నేరస్థురాలిగా నిలబెట్టినవారు వీరిలో ఎవరూ లేరు.

ఈ తేడా మరుగునపడినప్పుడు ఏం జరుగుతుందో ఇస్తాంబుల్ చరిత్ర చూపింది. అక్కడి వాడల్లో తరతరాలుగా కుక్కలకు తిండి, నీరు పెట్టే ఆచారం ఉండేది. 1910లో నగరాన్ని ఆధునికంగా తీర్చిదిద్దే పేరుతో వేలాది కుక్కలను పట్టి మర్మరా సముద్రంలోని నీరులేని సివ్రియాదా దీవిలో వదిలేశారు. అవి ఆకలిదప్పులతో మరణించాయి. అక్కడ ఆ పని చేయించింది షరీఅత్ శుద్ధి నియమం కాదు, నాగరికత పేరుతో వచ్చిన తొందర.

నేడు మన వీధుల్లో కుక్కపై రాయి విసిరే బాలుడు తాను ధర్మాన్నే పాటిస్తున్నానని అనుకుంటే, ఆ తప్పు బాలునిది కాదు, నేర్పనివారిది. పాత్ర కడగడం నేర్పిన పెద్దలే ఆ బాలునికి బావిలోకి దిగిన వ్యక్తి కథ కూడా చెప్పాలి. కాపలాకో, పశువుల మందకో కుక్కను పెంచేవారు దాన్ని అర్థం చేసుకోవాలి, ఓపికతో నేర్పాలి, ముసలిదైనప్పుడు వీధిన వదలరాదు. కుక్కకు నేర్పే విద్య అల్లాహ్ మనకు నేర్పిన దాని నుండే వచ్చింది. ఆ విద్యను ఏ విధంగా వినియోగించామన్న ప్రశ్న కుక్కకు కాదు, మనకే ఎదురవుతుంది.